భౌతికకాయం

మన పేపర్లలో చనిపోయినవాళ్లకి మూడు నాలుగు మాటలున్నాయి. నాయకుడో నటుడో అయితే భౌతికకాయం, లేదా పార్థివదేహం. రోడ్డు ప్రమాదమైతే మృతదేహం. కాలవలో తేలితే శవం. ఇదేమీ గోడకి అంటించిన రూలు కాకపోవచ్చు కానీ, ఏది ఎక్కడ వేయాలో సబ్ ఎడిటర్ చేతికి తెలుసు. వీటిలో అన్నిటికన్నా మర్యాదైన మాట భౌతికకాయం. వీడియో గేములు తయారుచేసే ఇంజిన్లలో కూడా సరిగ్గా ఇదే మాట ఉంది: ఫిజిక్స్ బాడీ. దాన్నే రిజిడ్ బాడీ అని కూడా అంటారు. తెలుగు మీడియంలో ఫిజిక్స్ చదివినవాళ్లకి అది 'దృఢ వస్తువు'. గమనించారా, పాఠ్యపుస్తకం బాడీని కాయం అనలేదు, వస్తువు అంది.

గేముల్లో మనిషి చావు ఈ రెండు మాటల మధ్య జరుగుతుంది. బుల్లెట్ తగిలిన క్షణం దాకా పాత్ర. ఆ తర్వాత వస్తువు. ఈ మార్పుని నడిపే పద్ధతి పేరు రాగ్‌డాల్, అంటే గుడ్డపీలికల బొమ్మ. కథలో ఒక పాత్ర చనిపోతే ఆ వాక్యం ఎలా రాశారని మనం అడుగుతాం కదా. తొందరపడ్డారా, ఏడిపించడానికి సాగదీశారా, పక్కకి చూపు తిప్పుకున్నారా అని. గేములో ఆ వాక్యం స్క్రిప్టులో ఉంటుంది. దాన్నీ అలాగే అడగొచ్చు. గేముల కథల గురించి, గ్రాఫిక్స్ గురించి బోలెడంత రాస్తారు. అందులో మనుషులు ఎలా పడతారన్నది మాత్రం యూట్యూబ్ నవ్వుల వీడియోలకి వదిలేశాం.

ముందు అసలేం జరుగుతుందో చూద్దాం. గేములో బతికున్న పాత్రకి బరువు ఉండదు. నడక, పరుగు, గెంతు, అన్నీ యానిమేటర్ ముందే చేసిపెట్టిన కదలికలు. లోపల ఎముకల గూడు ఉంటుంది, కానీ అది యానిమేషన్ చెప్పినట్టు ఆడుతుందే తప్ప గురుత్వాకర్షణ మాట వినదు. ఒంటి చుట్టూ కంటికి కనపడని ఒక క్యాప్సూల్ ఉంటుంది. గోడకి తగిలేది ఆ క్యాప్సూలే, మనిషి కాదు. చెయ్యి తలుపులోంచి దూరిపోతున్నా అడిగేవాడు లేడు. ప్రాణం సున్నాకి రాగానే స్క్రిప్టు మూడు పనులు చేస్తుంది. యానిమేషన్‌ని ఆపేస్తుంది. క్యాప్సూల్‌ని తీసేస్తుంది. ఒక్కో ఎముకకీ ఉన్న ఒక స్విచ్చి తిప్పుతుంది. యూనిటీ ఇంజిన్‌లో ఆ స్విచ్చి పేరు 'ఈజ్ కైనమాటిక్'. అది ట్రూ అయినంతసేపు ఒంటిని రచయిత నడిపిస్తాడు. ఫాల్స్ అవగానే న్యూటన్ నడిపిస్తాడు. అంటే బతికున్నన్నాళ్లూ లేని భౌతికత్వం చచ్చాకే వస్తుంది.

అదే యూనిటీలో రాగ్‌డాల్ విజర్డ్ అని ఒక చిన్న పనిముట్టు ఉంది. ఏ ఎముక ఎక్కడుందో చూపిస్తే మనిషిని 11 ముక్కలుగా కట్టి ఇస్తుంది: నడుము, ఛాతీ, తల, రెండు తొడలు, రెండు పిక్కలు, రెండు దండచేతులు, రెండు ముంజేతులు. అంతే. అరచేతులకీ పాదాలకీ విడిగా లెక్క లేదు, అవి పక్క ముక్కకి అతుక్కుని వేలాడతాయి. మోచెయ్యి 90 డిగ్రీలు, మోకాలు 80 డిగ్రీలు మడుస్తుంది. మొత్తం బరువు అన్న గడిలో ముందే 20 అని వేసి ఉంటుంది. ఎవరూ మార్చకపోతే మీరు కాల్చిన సైనికుడి బరువు ఆరేళ్ల పిల్లవాడంత. చేతులు లేని ఆ 11 ముక్కల మనిషి సంగతికి మళ్లీ వస్తాను.

మంచి స్క్రిప్టుకీ బద్ధకపు స్క్రిప్టుకీ తేడా తెలిసేది యానిమేషన్ నుంచి ఫిజిక్స్‌కి అప్పగించే ఆ క్షణంలో. పరిగెడుతున్నవాడికి దెబ్బ తగిలితే, అప్పటిదాకా ఒక్కో ఎముకకి ఉన్న వేగాన్ని కొత్త దేహానికి అందించాలి. ఆ పని మర్చిపోతే, పరుగులో ఉన్నవాడు గాల్లో టక్కున ఆగి ఉన్నచోటే నిలువునా జారిపోతాడు, దండెం మీంచి చొక్కా జారినట్టు. దెబ్బ భుజానికి తగిలితే తోపు భుజానికే ఇవ్వాలి. క్యాప్సూల్ తీయడం మర్చిపోతే శవాన్ని దాని పాత ఒళ్లే బయటికి విసిరేస్తుంది. ముక్కలు ఒకదాన్లోకి ఒకటి దూరితే దేహం నేలమీద ఆగకుండా గిలగిలలాడుతూ ఉంటుంది. ఇవన్నీ దాటి, కదలిక ఒక హద్దు కన్నా తగ్గాక, ఇంజిన్ లెక్కలు ఆపేస్తుంది. దాన్ని ఇంజిన్ భాషలో 'స్లీప్' అంటారు. దీర్ఘనిద్ర అని మనం సంతాప సభల్లో అనేమాట కోడ్‌లో ఏ కవిత్వమూ లేకుండా ఉంది. పక్కనుంచి ఎవరైనా తన్నితే మళ్లీ లేస్తుంది, అదొక్కటే తేడా.

ఇది రాకముందు చావులు రచయితవి. 'జీటీఏ వైస్ సిటీ' గుర్తుండే ఉంటుంది, 2002 నాటిది, మన ఊళ్లలో ఇంటర్నెట్ సెంటర్లలో గంటకింత ఇచ్చి ఆడిన తరం ఒకటుంది. అందులో ఎవర్ని కాల్చినా అవే నాలుగైదు రకాల పడటాలు. మెట్ల మీద చచ్చినా, గోడ పక్కన చచ్చినా, శవం గాల్లో కర్రలా బిగుసుకునేది. మన సినిమా ఫైట్లలో రోప్ కట్టి లాగితే ఫైటర్లు గాల్లో తేలి పడటం లాంటిదే అది కూడా: ముందే నిర్ణయించిన పతనం. కాకపోతే రోప్ చివర నిజం మనిషి ఉంటాడు, అతని నడుం విరగొచ్చు. ఆ భయం తెర మీద ఎక్కడో కనపడుతుంది కూడా.

ముందే చేసిపెట్టిన కదలికల నుంచి బయటపడాలన్న మొదటి పెద్ద ప్రయత్నం 1998 నాటి 'ట్రెస్‌పాసర్'. జురాసిక్ పార్క్ ద్వీపం, ఫిజిక్స్‌తో నడిచే డైనోసార్లు. నడవడం కన్నా తూలడం ఎక్కువ. మార్కెట్లో బోర్లాపడింది. రెండేళ్లకి డెన్మార్క్ కంపెనీ ఐఓ ఇంటరాక్టివ్ 'హిట్‌మ్యాన్: కోడ్‌నేమ్ 47' తెచ్చింది. అందులో పడే దేహాల లెక్క రాసిన థామస్ జేకబ్‌సన్ 2001లో గేమ్ డెవలపర్ల సదస్సులో ఆ పద్ధతినంతా విప్పి చెప్పాడు. అది ఇప్పటికీ చదవదగ్గ పత్రం. ఒంటిని కొన్ని చుక్కలుగా, చుక్కల మధ్య పుల్లలుగా అనుకుంటాడు. ప్రతి చుక్కకీ రెండే విషయాలు గుర్తుంటాయి: ఇప్పుడెక్కడుంది, ఇందాక ఎక్కడుంది. వేగం అని వేరే ఏదీ దాచుకోదు, ఆ రెండిటి తేడాయే వేగం. చుక్కలు కదిలాక పుల్లల పొడవు చెడిపోతే, ఒక్కోదాన్ని మళ్లీ మళ్లీ సర్దుతూ పోతాడు. పూర్తిగా సరికాకపోయినా కంటికి చాలినంత సరవుతుంది. ఈ లెక్క మూలం ఫ్రెంచి భౌతిక శాస్త్రవేత్త లూ వెర్లె 1967లో అణువుల కదలికలని కంప్యూటర్ మీద లెక్కకట్టడానికి వాడిన పద్ధతి. ఆర్గాన్ అణువుల కోసం వాడిన లెక్క 33 ఏళ్ల తర్వాత హోటల్ కారిడార్‌లో శవాన్ని ఈడ్చడానికి పనికొచ్చింది.

ఈడ్చడం అన్నాను కదా, నా దృష్టిలో 'హిట్‌మ్యాన్' గొప్పతనం అక్కడుంది. అందులో మీరు కిరాయి హంతకుడు. చంపడంతో పని అయిపోదు. శవం అక్కడే ఉంటుంది, ఎవరైనా చూస్తారు, దాచాలి. కాలో చెయ్యో పట్టుకుని లాగుతుంటే తల గుమ్మానికి తగిలి పక్కకి ఒరుగుతుంది, రెండో చెయ్యి వెనకాల నేలని రాసుకుంటూ వస్తుంది. గేములో మీరు చేసిన హత్యకి బరువుంది, ఆ బరువు మీ నడకని నెమ్మది చేస్తుంది. రాగ్‌డాల్ అలంకారంగా రాలేదిక్కడ, పర్యవసానంగా వచ్చింది. తర్వాత వచ్చిన గేములు చాలావాటికి టెక్నిక్ అందింది, ఈ సంగతి అందలేదు.

2003లో వచ్చిన 'మ్యాక్స్ పేన్ 2' చూడండి. దాని పూర్తి పేరులోనే పతనం ఉంది, 'ద ఫాల్ ఆఫ్ మ్యాక్స్ పేన్'. భార్యాబిడ్డల్ని పోగొట్టుకున్న న్యూయార్క్ డిటెక్టివ్, ఎడతెగని స్వగతం, రాత్రి, వాన. ప్రతి బాధకీ ఒక ఉపమానం దొరికే మనిషి. మొదటి భాగంలో (2001) శత్రువులు యానిమేషన్ ప్రకారం చచ్చేవాళ్లు, ఆ చావులకి కథ గొంతుతో పొత్తు కుదిరేది. రెండో భాగంలో హావక్ అనే ఫిజిక్స్ ఇంజిన్ వచ్చింది. స్లో మోషన్‌లో దూకి కాలుస్తారు, అవతలివాడు అల్మరా మీద పడతాడు, డబ్బాలు దొర్లుతాయి, వాడి కాళ్లు తలమీదుగా మడతపడి వాడు మెట్లమీద గోనెసంచిలా జారుతాడు. పైన విషాదపు గొంతు మాత్రం ఆగదు. కథ ఏడుస్తుంటుంది, ఒళ్లు నవ్విస్తుంటుంది. ఆ గేమంటే నాకిష్టమే, కానీ ఈ రెండు గొంతులూ ఒకదాన్నొకటి వినలేదన్నది స్పష్టం. మరుసటి ఏడు 'హాఫ్ లైఫ్ 2' ఇంకో అడుగు ముందుకెళ్లి, చివర్లో గ్రావిటీ గన్‌తో శవాల్నే ఎత్తి విసరనిచ్చింది. రంగు డబ్బా, ఇనుప పీపా, సైనికుడు, అన్నీ విసరడానికే. ఆ గేము దీన్ని దాచుకోదు. వస్తువుల ప్రపంచం కట్టాను, ఇదిగో ఇంకో వస్తువు అంటుంది.

ఎందుకు నవ్వొస్తుంది? ఇది దాటవేయకూడని ప్రశ్న. 2002లో ఫిన్లాండ్ నుంచి 'స్టెయిర్ డిస్మౌంట్' అని ఒక బుల్లి గేము వచ్చింది. మెట్ల పైన ఒక బొమ్మ మనిషి. ఎక్కడ, ఎంత గట్టిగా తొయ్యాలో మీరు ఎంచుకుంటారు. దొర్లుకుంటూ పడతాడు. ఎంత దెబ్బ తగిలితే అన్ని మార్కులు. గేమంతా అంతే. ఆడినవాళ్లలో క్రూరులు ఎంతమందో గానీ నవ్వనివాళ్లు తక్కువే. ఫ్రెంచి తత్వవేత్త బెర్గ్‌సన్ 1900లో నవ్వు గురించి రాసిన పుస్తకంలో, మనిషి వస్తువులా కనిపించినప్పుడల్లా మనకి నవ్వొస్తుందని వాదించాడు. రాగ్‌డాల్ కోసమే రాశాడా అనిపిస్తుంది. కానీ చిన్న పేచీ ఉంది. బెర్గ్‌సన్ నవ్వుకి మూలం బిగువు. ఒళ్లు యంత్రంలా బిగుసుకోవడం, పరిస్థితికి తగ్గట్టు వంగలేకపోవడం. రాగ్‌డాల్‌లో ఉన్నది దానికి పూర్తిగా ఎదురు. అది అన్నిటికీ వంగుతుంది, ప్రతి మెట్టుకీ ఒప్పుకుంటుంది. దాన్లో లేనిది ఒకటే: పడటం ఇష్టంలేకపోవడం. నిజం మనిషి జారితే మొదట కదిలేది చెయ్యి. ఎక్కడో ఒకచోట ఆనుకోవాలని, మొహం పగలకూడదని, తనకి తెలియకుండానే చాస్తాడు. ఆ 11 ముక్కల మనిషికి అరచేతులు లెక్కలోనే లేవని చెప్పాను కదా. ఉన్నా చాచడు. మనం నవ్వేది భయం లేని పతనాన్ని చూసి.

తెలుగులో పడటానికి ఎన్ని మాటలున్నాయో ఒకసారి తలుచుకోండి. తూలిపడ్డాడు అంటే ఇంకా నిలబడాలని చూస్తున్నాడు. చతికిలబడ్డాడు అంటే దెబ్బ కన్నా పరువు పోవడం ఎక్కువ. కూలబడ్డాడు అంటే ఏదో కబురు విన్నాడు, దెబ్బ ఒంటికి కాదు. ఒరిగిపోయాడు అంటే పక్కన ఎవరో ఉన్నారు, భుజం దొరికింది. నేలకొరిగాడు అంటే రాసేవాడు టోపీ తీశాడు. పడి చచ్చాడు అంటే రాసేవాడికి చచ్చినవాడంటే గిట్టదు. ఒక్కో క్రియలో పడినవాడి మనసూ చూసినవాడి తీర్పూ కలిసే ఉన్నాయి. మామూలు రాగ్‌డాల్‌కి తెలిసింది కుప్పకూలడం ఒక్కటే, రాజైనా బంటైనా. ఇక పడ్డ పాత్ర బతికే ఉండి మళ్లీ లేవాలంటే, చాలా స్క్రిప్టులు ఒకే ఒక ప్రశ్న వేస్తాయి: నడుము ముక్క ఆకాశం వైపు చూస్తోందా, నేల వైపా? వెల్లకిలా పడితే ఒక లేచే యానిమేషన్, బోర్లా పడితే ఇంకొకటి. ఇంజిన్ నిఘంటువులో రెండు మాటలు.

దీన్ని మూడో మాట వైపు, తూలడం వైపు తీసుకెళ్లింది 'జీటీఏ 4' (2008). ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ జంతుశాస్త్ర విభాగంలో జరిగిన పరిశోధనలోంచి పుట్టిన నేచురల్ మోషన్ అనే కంపెనీ యూఫోరియా అని ఒక వ్యవస్థ తయారుచేసింది. ఇందులో ఒంటికి ఫిజిక్స్ ఉంటుంది, ఫిజిక్స్‌తో పాటు ఒక కోరిక కూడా ఉంటుంది. బ్యాలన్స్ తప్పితే కాలు ముందుకేసి ఆపుకోవాలి, పడుతుంటే చేతులు అడ్డం పెట్టాలి, గాయం తగిలినచోట పట్టుకోవాలి. ఈ పనులు రికార్డు చేసిన కదలికలు కావు, కీళ్లలో ఉన్న మోటార్లు అప్పటికప్పుడు లెక్కవేసుకుని చేసేవి. కాబట్టి రెండుసార్లు ఒకేలా జరగవు.

'జీటీఏ 4' కథ గురించి గొప్పగా చెప్తారు. యుద్ధంలో చేసినవీ చూసినవీ మోసుకుంటూ అమెరికాలో దిగిన నికో బెలిచ్, పగ, బంధువు రోమన్. సినిమా ఫక్కీలో నడిచే ఆ సన్నివేశాలన్నీ కలిసి చేయలేని పని, నా మటుకు, ఫుట్‌పాత్ మీద పోయే పేరులేని మనిషి చేశాడు. కారు నెమ్మదిగా అతని మోకాళ్లకి తగులుతుంది. అతను రెండడుగులు వెనక్కేస్తాడు, ఒక చెయ్యి బానెట్ మీద ఆన్చుతాడు, ఇంకో చెయ్యి గాల్లో దేనికోసమో వెతుకుతుంది. పార్కింగ్‌లో కారు లాక్కుని పోతుంటే ఒకావిడ తలుపు హ్యాండిల్ వదలదు. కాళ్లు రోడ్డు మీద ఈడ్చుకుపోతున్నా వదలదు. ఆవిడకి డైలాగు లేదు, పేరు లేదు, మిషన్‌లో పాత్ర లేదు. కానీ ఆ పట్టుకోవడంలో ఆవిడకి ఏదో కావాలని తెలుస్తోంది. అప్పటిదాకా హాయిగా ఆడుతున్న నేను యాక్సిలరేటర్ మీంచి వేలు తీసింది అలాంటి చోటే. నేరం గురించి నికో చెప్పే మాటలేవీ ఆ పని చేయించలేదు. తాగిన నికో బార్‌లోంచి బయటికొచ్చి గోడలకి గుద్దుకుంటూ నడవడం కూడా ఈ లెక్కే. అక్కడ నవ్వొస్తుంది, కానీ మనవాడి మీద వచ్చే నవ్వు అది, వస్తువు మీద కాదు.

విచిత్రం ఏంటంటే, ఐదేళ్ల తర్వాత 'జీటీఏ 5'లో జనం ఇంకా త్వరగా పడిపోతారు. తూలడం తగ్గింది. ఆటగాళ్లలో దీని మీద సణుగుడు ఇప్పటికీ ఉంది. కారణం ఏదైనా గానీ ఫలితం మాత్రం తెలుస్తుంది: పాదచారి అడ్డు తొలగినంత వేగంగా గేము ముందుకి పోతుంది. తూలేవాడు ఆటకి ఆలస్యం.

పడేది శత్రువు కాకుండా మీరే అయితే? 2008లోనే తత్వశాస్త్రం చదువుకున్న బెనెట్ ఫాడీ బ్రౌజర్లో ఆడే 'క్వాప్' చేశాడు. వంద మీటర్ల పరుగు. క్యూ, డబ్ల్యూ తొడలకి, ఓ, పీ పిక్కలకి. నడవడం అనే యానిమేషన్ ఎవరూ చేసిపెట్టలేదు, మీరే చేసుకోవాలి. రెండో అడుగుకే వెల్లకిలా. ఇందాక చెప్పిన భయం ఇక్కడ ఆటగాడి వేళ్లలోకి మారింది. బొమ్మకి లేని ప్రయత్నం అంతా మీరు పెడతారు. లిథువేనియా నుంచి వచ్చిన 'హ్యూమన్: ఫాల్ ఫ్లాట్' (2016) ఇంకా సౌమ్యమైనది. పిండిముద్ద లాంటి మనిషి, అంచు మీంచి జారితే చావడు, ఆకాశంలోంచి మళ్లీ అదే చోట దబ్బున పడతాడు. దోస్తులతో ఆడితే ఇంకొకళ్ల కాలు పట్టుకుని వేలాడొచ్చు. ఆ గేముకి గొప్ప ఆలోచనలేవీ అంటగట్టను, కానీ రాగ్‌డాల్‌ని చావు నుంచి విడదీసిన గేముల్లో అది ముందుంటుంది.

చావు దగ్గర మాత్రం పెద్ద బడ్జెట్ గేములు రెండు దారులు పట్టాయి. ఒకటి 'ద లాస్ట్ ఆఫ్ అజ్ పార్ట్ 2' (2020) దారి: మీరు ఒకడ్ని చంపితే అవతలి గుంపులో వాడి స్నేహితుడు వాడి పేరు పెట్టి అరుస్తాడు. ఒళ్లు వస్తువైనా పేరు మిగులుతుంది. బాగానే ఉంటుంది, కానీ ఇరవయ్యో పేరు దగ్గర అది గేము మనల్ని గిల్లుతున్నట్టు అనిపిస్తుంది.

రెండోది హిదియో కొజిమా 'డెత్ స్ట్రాండింగ్' (2019) మొదటి అధ్యాయం. సామ్ కొరియర్ పనిచేస్తాడు. దేశాధ్యక్షురాలు, తనని పెంచిన తల్లి, చనిపోతుంది. శవాన్ని ఊరి బయట దహనశాలకి చేర్చాలి. సంచిలో చుట్టిన ఆ దేహాన్ని వీపున కట్టుకుని కొండల్లో నడవాలి, ఆ నడక ఆటగాడిదే. ఈ గేము మొత్తం బరువు గురించే కాబట్టి శవానికి వేరే రూలేం లేదు. మిగతా సరుకులాగే అదీ సామాను జాబితాలో చేరుతుంది, కింద పడేస్తే దెబ్బతింటుంది. తల్లిని సరుకు లెక్కలో వేయడం మర్యాద తప్పినట్టు కనిపించొచ్చు. నడుస్తుంటే అలా ఉండదు. రాయి మీద కాలు పడగానే బరువు ఒకపక్కకి లాగుతుంది, సామ్ తూలుతాడు, కంట్రోలర్ వెనక రెండు బటన్లూ గట్టిగా నొక్కిపట్టి అతన్ని నిలబెట్టాలి. పడితే ఇద్దరూ పడతారు. ఏటవాలు దిగేటప్పుడు ఎవరూ చెప్పకుండానే పరుగు మానేసి, ఒక్కో అడుగూ చూసుకుంటూ వేస్తాం.